ఇంగ్లీషు నవలలూ, మా అత్తయ్య అనుమానాలూ

మా పెద్దత్తయ్యకు ఇంగ్లీషు నవల చదివితే అనుమానం వస్తుంది. అనుమానం వస్తే ఫోన్ చేస్తుంది. ఆవిడ గురించి చెప్పాలంటే ఈ రెండు ముక్కలు చాలు. మిగతాదంతా ఆ ఫోన్ ఎత్తినవాళ్ల అవస్థ.

నవల చదివితే కొందరికి కన్నీళ్లొస్తాయి, కొందరికి నిద్రొస్తుంది, జ్ఞానం వచ్చినవాళ్లు కూడా ఉన్నారంటారు. అత్తయ్యకు మాత్రం అనుమానమే. అది కూడా అందరికీ వచ్చేచోట రాదు. కథానాయిక తుఫానులో కొండ మీద నిలబడి ఏడుస్తుంటే పాఠకలోకమంతా ఆమెతోపాటు ఏడుస్తుంది. అత్తయ్య పుస్తకం బోర్లించి ఫోన్ తీస్తుంది.

"ఒరేయ్, ఈ పిల్లకి గొడుగుంది కదా?"

"ఏ పిల్లకత్తయ్యా?"

"అదే, కొండ మీద తడుస్తోందే, ఆ పిల్లకి. మూడో అధ్యాయంలో ఇంటికొచ్చి నడవలో గొడుగు తగిలించింది. ఇప్పుడు వానలోకి వెళ్తూ ఎందుకు తీసుకెళ్లలేదు?"

"బాధలో మరిచిపోయి ఉంటుంది."

"బాధలో ఉన్నా టోపీ మరిచిపోలేదుగా. రిబ్బను ముడేసుకుని మరీ వెళ్లింది. ఇప్పుడు చూడు, జ్వరమొస్తుంది. నలభై పేజీలు మంచం దిగదు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ. ఒక్క గొడుగుతో పోయేదానికి."

జ్వరం నిజంగానే వచ్చింది. మర్నాడు ఫోన్ చేసి, "నే చెప్పలా?" అంది. ఆ గొంతులో ఉన్న సంతృప్తి చూస్తే జ్వరం ఆవిడే తెప్పించిందేమో అనిపించింది.

అత్తయ్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. వార్డులో ఈ చివర ఆవిడ కేకేస్తే ఆ చివర రోగి లేచి కూర్చునేవాడు. డాక్టర్లు ఇక లేవడన్నవాడు కూడా ఓసారి అలా లేచాడని చెప్పుకునేవాళ్లు. జూనియర్లు చాటుగా మైకు సిస్టర్ అనేవాళ్లు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అంత గొంతున్న మనిషికి అంతకంటే పెద్ద చెవులుంటాయని జూనియర్లకు తెలియదు.

నవలలు ఆవిడ కొన్నవి కావు. రోగులు దిండు కింద వదిలేసిన పుస్తకాలన్నీ ఆసుపత్రిలో ఒక అలమారాలో పోగుపడ్డాయి. కొందరు నయమై ఇంటికెళ్లే హడావుడిలో మరిచిపోయారు. కొందరికి మిగతా సగం చదివే అవసరం లేకపోయింది. రిటైరైన రోజు ఆవిడకు ఒక గోడగడియారం, రెండు అట్టపెట్టెల నిండా ఆ నవలలూ ఇచ్చి పంపారు. గడియారం ఆర్నెల్లకే ఆగిపోయింది. నవలలు ఆగలేదు.

గొప్ప రచయిత రాసిన పాత గ్రంథమైనా, రంగురంగుల అట్ట వేసిన చౌకబారు పుస్తకమైనా ఆవిడకు తేడా లేదు. వార్డులో అందరికీ ఒకటే గౌను అన్నట్టు చూసేది. డాక్టరూ నర్సూ ప్రేమించుకునే నవలలు మాత్రం ఆవిడ రక్తపోటును పెంచేవి.

"నూట ఎనభై పేజీలయింది. ఈ నర్సు ఒక్కసారైనా థర్మామీటరు పట్టుకుందా? కిటికీ దగ్గర నిలబడుతుంది, డాక్టరు వస్తాడు, కళ్లలోకి చూస్తాడు. రోగులు ఏమైపోయార్రా?"

"ప్రేమకథ కదత్తయ్యా."

"రోగులు బెల్లు కొడుతూనే ఉండి ఉంటారు పాపం. నేను అన్నేళ్లు చేశాను. ఒక్క డాక్టరు కూడా నన్ను కిటికీ దగ్గరికి పిలవలేదు. పిలిచినా చార్టేదీ అనేవాడు."

నేను ఏదైనా అనేలోపు తనే, "అయినా మా వార్డు కిటికీ అద్దాలు పగిలిపోయి అట్టముక్కలు పెట్టి ఉండేవిలే," అనేది.

కాన్పు ఘట్టమొస్తే మరీనూ. "వేణ్ణీళ్లు, వేణ్ణీళ్లు అని అరుస్తారు. ఊళ్లో ఉన్న గిన్నెలన్నీ పొయ్యి మీదే. ఆ నీళ్లు ఏం చేశారో ఒక్క రచయితా రాయడు. టీ పెట్టుకు తాగేస్తారంటావా?" గుర్రాల మీద తిరుగుతూ తుపాకులు పేల్చుకునే నవల చదివినప్పుడు, కథానాయకుడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా స్నానం చెయ్యలేదని, ఆ అమ్మాయి అతన్ని కౌగిలించుకోవడం నమ్మశక్యంగా లేదని గంటసేపు వాదించింది. హత్యల నవలల్లో ఆవిడకున్న అనుమానం ఇంకా గట్టిది. "డిటెక్టివు అందర్నీ ఒకే గదిలో కూర్చోమంటాడు. హంతకుడు కూడా బుద్ధిగా వచ్చి కూర్చుంటాడేం? నాకు ఒంట్లో బాలేదు అని ఇంటి దగ్గర ఉండొచ్చుగా?"



నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేను పళ్ల డాక్టరు దగ్గర కట్టుడుపళ్లు తయారుచేస్తాను. క్లినిక్ వెనక ఒక ఇరుకు గది, అందులో ఒక బల్ల, సానపట్టే చిన్న మోటారు, మైనం, ప్లాస్టరు. అరల నిండా మనుషుల దవడల అచ్చులు. రోజంతా నోళ్ల మధ్యే బతుకుతాను, ఒక్క నోరూ మాట్లాడదు. నా పళ్లు పెట్టుకున్నవాళ్లు నవ్వుతూ ముందు తలుపులోంచి వెళ్లిపోతారు. నేను వెనక తలుపులోంచి నా అద్దెగదికి వెళ్తాను. ఆ గదిలో చీకటిపడ్డాక చప్పుడు చేసేవి రెండే, ఒకటి ఫ్రిజ్, రెండోది అత్తయ్య ఫోను.

నా భార్యా నేనూ విడిపోయిన ఏడాది ఈ ఫోన్లు మొదలయ్యాయి. కష్టాలొస్తే కట్టగట్టుకునే వస్తాయి కదా అనుకున్నాను.

"అత్తయ్యా, ఇంకెవర్నైనా అడగొచ్చుగా. నాకొచ్చిన ఇంగ్లీషు ప్లాస్టరు డబ్బా మీద వాడే విధానం చదువుకోవడానికి సరిపోతుంది, అంతే," అని చాలాసార్లు మొత్తుకున్నాను.

"ఇంకెవరున్నార్రా నాకు? మన చుట్టుపక్కల ఇంగ్లీషు తెలిసినవాడివి నువ్వొక్కడివే," అనేది. పొగడ్త కదా, నోరు మూసుకునేవాణ్ణి.

ఈ ఏడాది మొదట్లో ఆ మైకు పాడైంది. ముందు గొంతు బొంగురుపోయింది. తర్వాత చీలింది. తర్వాత ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే ఎవరో తుప్పుపట్టిన షట్టరు ఎత్తుతున్నట్టు ఉండేది. గొంతు డాక్టరు చూసి, లోపల చిన్న బుడిపె ఉందని, భయపడాల్సింది కాదని, కోసి తీసేస్తే సరిపోతుందని చెప్పాడు. ఆయన ఒకప్పుడు అత్తయ్య వార్డులోనే వణుకుతూ పని నేర్చుకున్న కుర్రడాక్టరు.

"ఆపరేషన్ పెద్దదేం కాదు సిస్టర్. ఆ తర్వాతదే కష్టం. రెండు వారాలు నోరు విప్పకూడదు. గుసగుస కూడా పనికిరాదు." ఇది చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో వైద్యం కంటే ఎక్కువేదో వెలిగింది. "ఇన్నేళ్లకి మీ ముందు నేను మాట్లాడుతుంటే మీరు వినే రోజొచ్చింది."

ఆవిడకు తోడుగా ఆ రెండు వారాలూ నేనే వెళ్లి ఉన్నాను. వేరే ఎవరూ లేరు. నాకోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్లు కూడా ఎవరూ లేరు కనుక ఇబ్బందీ లేదు. పిల్లలు రాసి చెరుపుకునే ప్లాస్టిక్ పలక ఒకటి కొనిచ్చాను. మొదటిరోజు దాని మీద ఆవిడ రాసిన మొదటి వాక్యం, "టీలో పంచదార తక్కువైంది." రెండోది, "గిన్నె మాడ్చావు." ఆవిడ అక్షరాలు కూడా బిగ్గరగానే ఉంటాయి.

సాయంత్రమయ్యేసరికి అత్తయ్య కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. పుస్తకం తెరుస్తుంది, మూస్తుంది, ఫోన్ వైపు చూస్తుంది. చివరికి పలక అందుకుని, "టైపు మేడమ్‌కి ఫోన్ చెయ్యి. అనుమానం అడగాలి," అని రాసింది.

"టైపు మేడమ్ ఎవరు?"

"స్టేషను రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేదే, ఆవిడ. ఆ తర్వాత లెక్కల మాస్టారికి చెయ్యాలి."

"మాస్టారెవరు? నాకొక్కడికే చేస్తావనుకున్నానే. ఇంగ్లీషు నాకొక్కడికే వచ్చన్నావుగా."

అత్తయ్య పైకప్పు వైపు చూసింది. ఇన్నేళ్లు నేను విసుక్కున్న ఫోనే అది. అయినా ఇంకొకరికి కూడా వెళ్తోందని తెలిసేసరికి మనసు చివుక్కుమంది. మనిషి బుద్ధి.

అవతల ఫోన్ ఒక్క మోతకే ఎత్తారు.

"ఇవాళ ఇంత ఆలస్యమా సిస్టర్? టీ పెట్టుకుని కూర్చున్నా, చల్లారిపోయింది కూడా," అంది ఒక సన్నటి గొంతు.

"నేను ఆవిడ మేనల్లుణ్ణండీ. అత్తయ్యకి గొంతు ఆపరేషనైంది. మాట్లాడకూడదన్నారు."

"మాట్లాడకూడదా? ఆవిడా?" అని, నేను అవునన్నాక, "సరే, అనుమానం మీరే చెప్పండి బాబూ," అంది.

పలక చూసి చదివాను. "అతను అంత మంచి ఉత్తరం రాస్తే ఆ అమ్మాయి జవాబెందుకు రాయలేదు అని అడుగుతోందండీ."

"రాసే ఉంటుంది. పంపి ఉండదు. నా దగ్గర టైపు నేర్చుకున్న ఆడపిల్లలు ఎన్ని జవాబులు టైపు చేసేవాళ్లో. అడిగితే ప్రాక్టీసు మేడమ్ అనేవాళ్లు. చెత్తబుట్ట ఖాళీ చేసేదాన్ని నేనే కదా, నాకు తెలీదా?" అని చిన్నగా నవ్వింది. ఇప్పుడు టైపు నేర్చుకోవడానికి ఎవరూ రావడంలేదని, మిషన్లన్నీ అమ్మేసి ఒక్కటి ఉంచుకున్నానని, ఏమీ తోచనప్పుడు పాత పాఠాలే కొడుతూ ఉంటానని చెప్పింది.

ఫోన్ పెట్టేసి జవాబు చెప్పబోయాను. అత్తయ్య చెయ్యెత్తి ఆపింది. పలక మీద ప్రశ్నలు మొదలయ్యాయి.

"దగ్గిందా?"

"చూసుకోలేదత్తయ్యా."

"ఫోన్ ఎత్తాక ఆయాసపడిందా?"

"లేదనుకుంటా."

"అనుకోవడం కాదు. మిషను చప్పుడు వినిపించిందా?"

"ఫోన్ చేతిలో పట్టుకుని ఉందిగా. మిషను చప్పుడు ఎందుకు వినిపిస్తుంది?"

"నవ్విందా?"

"చెత్తబుట్ట దగ్గర నవ్వింది."

ఆ ఒక్కదానికీ అత్తయ్య తల ఊపింది. రోగి ఉష్ణోగ్రత మామూలుగానే ఉందని విన్న నర్సులా ఊపింది. తర్వాత పలక తుడిచి, "నువ్వు నర్సువి కాలేవు," అని రాసింది.

"ఇంతకీ ఆ అమ్మాయి జవాబెందుకు రాయలేదో అక్కర్లేదా?"

"అది నాకు తెలుసు."

తెలిసీ అడగడమెందుకో నాకు బోధపడలేదు. నవలల పిచ్చి ముదిరితే ఇలాగే అవుతుందనుకున్నాను.

లెక్కల మాస్టారు వేరే రకం. భార్య పోయి చాలాకాలమైంది. చక్కెర జబ్బు కంటిచూపు మీద కొట్టింది. అందుకని అత్తయ్య తను చదివిన నవల రోజుకు కొంచెం ఆయనకు ఫోన్లో చెప్పి, చివర్లో ఒక అనుమానం అంటించి వదిలేసేది. ఆ రోజుల్లో నడుస్తున్నది సముద్రం ఒడ్డున ఒక హోటల్లో జరిగిన హత్య. చంపింది ఓడ కెప్టెనని అత్తయ్య పట్టు. తోటమాలి అని మాస్టారి పట్టు.

"మీ అత్తయ్యకి తర్కం అనే వస్తువు పుట్టుకతోనే లేదు," అని మొదలుపెట్టారు మొదటి ఫోన్లోనే. "కెప్టెన్‌ది కుంటికాలు. నిచ్చెనెక్కి కిటికీలోంచి ఎలా దూరతాడు? తోటమాలే. నిచ్చెన ఎవరిది? తోటమాలిది. అయిపోయింది."

"మీరు పుస్తకం చదవకుండానే అంత కచ్చితంగా..."

"రెండూ రెండూ నాలుగని చెప్పడానికి రెండుని వెళ్లి చూసి రావాలా?"

అత్తయ్య పలక మీద రాసిచ్చిన కథ చదివి వినిపించడం, ఆయన చేత చీవాట్లు తినడం నాకు రోజూ పనైపోయింది. మొదట్లో బరువుగానే ఉండేది. నాలుగైదు రోజులకు, పగలు క్లినిక్‌లో పళ్లకు సానపడుతూ మోటారు చప్పుడులో, కుంటికాలుతో నిచ్చెన ఎలా ఎక్కొచ్చా అని ఆలోచిస్తూ నన్ను నేనే పట్టుకున్నాను. ఫోన్ అయ్యాక అత్తయ్య ప్రశ్నలకు కూడా సిద్ధంగా ఉండేవాణ్ణి. మాస్టారు ఎన్నిసార్లు అరిచారు, వెనకాల రేడియో ఉందా, భోజనం చేశానన్నారా, ఇవన్నీ చెవిన వేసుకోవడం అలవాటైంది.

ఆ తర్వాత ఒకరోజు ఎప్పట్లాగే ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది.

"మాస్టారూ, అత్తయ్య ఇంకా కెప్టెనే అంటోందండీ."

ఏమీ వినిపించలేదు. కాసేపటికి, "అవును," అన్నారు.

"అవునా?"

"కెప్టెనే."

"మరి నిచ్చెన?"

"సరే. మంచిది," అన్నారు మాస్టారు, నిద్రలో ఉన్న మనిషిలా. తర్వాత ఏదో కిందపడిన చప్పుడైంది.

నేను ఫోన్ పెట్టేసి, "అత్తయ్యా, గెలిచావు. మాస్టారు ఒప్పేసుకున్నారు," అన్నాను నవ్వుతూ.

అత్తయ్య నవ్వలేదు. పలక కూడా తీసుకోలేదు. నేను మాట పూర్తిచేసేసరికి ఒక కాలు చెప్పులో ఉంది. గుమ్మం దగ్గర నా చెయ్యి లాగి పలక అందుకుని, నిలబడే రాసింది. "ఆయన ఎప్పుడూ ఒప్పుకోడు. పద."

మాస్టారి గది రెండు వీధుల అవతల, సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద. అత్తయ్య ముందు, నేను వెనక. ఆ వయసులో, స్వెట్టరు బొత్తాలు కూడా పెట్టుకోకుండా, పెదాలు బిగించి ఆవిడ అలా దూసుకుపోతుంటే ఎదురొచ్చేవాళ్లు పక్కకు తప్పుకున్నారు. మెట్లు నాకంటే ముందే ఎక్కింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు.

మాస్టారు ఫోన్ పక్కన కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. రిసీవరు తీగకు వేలాడుతోంది. చలికాలం సాయంత్రం, అయినా చొక్కా చెమటతో తడిసిపోయింది. బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు. బల్ల మీద మూతపెట్టిన కంచం ఉంది, అందులో భోజనం అలాగే ఉంది. పక్కన ఖాళీ అయిన మాత్రల రేకు. మాత్ర వేసుకుని తినడం మరిచిపోయారు, ఒంట్లో చక్కెర పడిపోయింది. మమ్మల్ని చూసి, "బెల్లు కొట్టేశారా? పిల్లల్ని వెళ్లిపొమ్మనండి," అన్నారు.

అత్తయ్య ఆయన మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో గాలిలో చెంచా తిప్పింది. నేను వంటింట్లోకి పరిగెత్తాను. చేతికందిన డబ్బాలోంచి నాలుగు చెంచాలు గ్లాసులో కలిపి తెచ్చాను. అత్తయ్య వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నా వైపు చూసిన చూపుతోనే తెలిసింది, అది ఉప్పని. నేను ఇంకా నోరు తెరవకముందే గ్లాసులో నీళ్లు కిటికీలోంచి కింద సైకిళ్ల మీద పడ్డాయి. రెండోసారి పంచదారేనని రుచి చూసుకుని మరీ తెచ్చాను.

గ్లాసు పెదాల దగ్గర పెడితే మాస్టారు పసిపిల్లాడిలా మొహం తిప్పేసుకున్నారు. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. నేను బతిమాలాను. ఆయన వినలేదు. ఆయన కళ్లు వాలిపోతున్నాయి.

"మింగండి," అంది అత్తయ్య.

చిరిగిన గుడ్డలాంటి గొంతు అది. కానీ మైకు మైకే. మాస్టారు గుటుక్కున మింగారు. ఆ మాట కింద కొట్టువాడికి కూడా వినిపించినట్టుంది, సుత్తి చప్పుడు ఆగిపోయింది.

గ్లాసు ఖాళీ అయింది. ఇంకో గ్లాసు కలిపాను. మెల్లగా ఆయన ముఖంలోకి మనిషి తిరిగొచ్చాడు. ముందు అత్తయ్యను పోల్చుకుని తలొంచారు. తర్వాత నన్ను చూసి, "ఇతనెవరు?" అన్నారు.

"ఫోన్లో మీతో మాట్లాడేవాణ్ణండీ. ఇందాక కెప్టెనే హంతకుడని మీరు ఒప్పుకున్నారు. అత్తయ్య దానికే భయపడి పరిగెత్తుకొచ్చింది."

మాస్టారు నడుం నిటారు చేసుకున్నారు. "కెప్టెనని నేనన్నానా? స్పృహలో ఉండగా అనే మాట కాదది."

అత్తయ్య నేల మీద కూలబడి నవ్వింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. స్వెట్టరు అంచుతో కళ్లు ఒత్తుకుంది. ఆ కన్నీళ్లలో నవ్వుకు సంబంధించినవి ఎన్నో, కానివెన్నో నేను లెక్క చూడలేదు.

ఆయన్ను ఆసుపత్రిలో చేర్పించాం. గొంతు డాక్టరు అత్తయ్యను వరండాలో పట్టుకున్నాడు. "నిజం చెప్పండి సిస్టర్, ఎన్ని మాటలు మాట్లాడారు?" ఆవిడ ఒక వేలు చూపించింది. "ఆ ఒక్కటీ తప్పదా?" తప్పదన్నట్టు తల ఊపింది. "అయితే ఇంకో వారం మూగనోమే," అని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను మాస్టారి మంచం పక్కన కూర్చున్నాను. ఆయనే కదిపారు.

"మీ అత్తయ్య నాకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏమందో తెలుసా? మాస్టారూ, నాకు ఇంగ్లీషు సరిగా రాదు, ఒక అనుమానం తీరుస్తారా అంది."

"నాతోనూ అదే అందండీ."

"మా ఆవిడ ఆఖరి రోజులు ఈ వార్డులోనే గడిచాయి బాబూ. మీ అత్తయ్య చార్టులు రాస్తుంటే నేను పక్కనుండి చూశాను. పేజీలకి పేజీలు ఇంగ్లీషు, ఒక్క తప్పు లేదు. అప్పటికి నా కళ్లు బాగానే ఉండేవి."

"మరి తెలిసి కూడా మీరు ఇన్నేళ్లు పాఠం చెప్పారా?"

"ఏమనమంటావు? మీకు ఇంగ్లీషు వచ్చని నాకు తెలుసు, ఇంక ఫోన్ చెయ్యకండి అనమంటావా?" అని ఆయన దుప్పటి సర్దుకున్నారు. "ఆ టైపావిడ కూడా అంతే. వాళ్లక్కయ్యని ఈ వార్డులోనే పోగొట్టుకుని ఒక్కతే ఇంటికెళ్లింది. మేమిద్దరం ఎప్పుడూ కలవలేదులే. మీ అత్తయ్యే ఓసారి నోరు జారింది."

నాకు అప్పుడు బోధపడింది, రోజూ సాయంత్రం ఆవిడ చేసేది వార్డులో రౌండ్లేనని. ఆసుపత్రి వదిలేసినా రౌండ్లు వదల్లేదు. బాగున్నారా అంటే అందరూ బాగున్నామనే అంటారు, ఫోన్ పెట్టేస్తారు. గొడుగెందుకు తీసుకెళ్లలేదంటే ఎవరైనా కాస్సేపు మాట్లాడాల్సిందే. మాట్లాడుతుంటే ఆవిడ దగ్గు వింటుంది, ఆయాసం వింటుంది, తిన్నారో లేదో వింటుంది. ఈ లెక్కన ఆవిడ రౌండ్లలో నేనూ ఒక మంచాన్నే.

సాయంత్రం ఇంటికొచ్చాక టీ ఇస్తూ అడిగేశాను. "అత్తయ్యా, నాకు దగ్గు లేదు, ఆయాసం లేదు. నాకు ఫోన్ చేసి ఏం వింటావు?"

ఆవిడ పలక తీసుకుని చాలాసేపు రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. "నీకు రోగమేం లేదు. గొంతు వాడక తుప్పు పట్టింది. రోజూ ఒక చుక్క నూనె వేస్తున్నా." నేను చదివానని చూసుకుని, కింద ఖాళీ చోట ఇరికించింది. "విసుక్కున్నప్పుడు బాగా పలుకుతుంది."

మాస్టారు ఇంటికొచ్చిన వారానికి ఆదివారం మధ్యాహ్నం అందర్నీ తన గదికి రమ్మన్నారు. తోటమాలి సంగతి తేలిపోవాలని, నవల ఆఖరి అధ్యాయం తన ఎదుటే పైకి చదవాలని పట్టుబట్టారు. టైపు మేడమ్ బిస్కెట్ల డబ్బాతో వచ్చి, మనుషులున్న గదిలోకి ఎలా రావాలో మరిచిపోయినట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది. "మీరేనా మిషనావిడ?" అన్నారు మాస్టారు. "మీరేనా నిచ్చెన మాస్టారు?" అందావిడ. కుర్చీలు రెండే ఉన్నాయి. అత్తయ్యా నేనూ మంచం మీద కూర్చున్నాం.

అత్తయ్యకు మాట్లాడటానికి అనుమతి వచ్చింది గానీ చదవడానికి రాలేదు. చదవడం నా మీద పడింది. ప్లాస్టరు డబ్బా ఇంగ్లీషుతో నేను అధ్యాయాన్ని నరుకుతూ పోతుంటే, "కామా దగ్గర ఆగు బాబూ, కామాకి కూడా ప్రాణం ఉంటుంది," అని టైపు మేడమ్ సరిదిద్దింది. డిటెక్టివు అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. చంపింది కెప్టెనూ కాదు, తోటమాలీ కాదు. హోటలు యజమానురాలు.

"రచయితకి తెలియదు," అన్నారు మాస్టారు తక్షణం. "ఆవిడ నిచ్చెన ఎక్కడుందో ఎలా కనుక్కుంది?"

"హోటలు ఆవిడదే కదండీ, నిచ్చెన మాత్రం ఆవిడది కాదా?" అంది టైపు మేడమ్.

"అలా అయితే వంటవాడు కూడా చంపొచ్చు," అన్నాను నేను. ఎందుకన్నానో తెలియదు. కానీ అన్నాక వదలబుద్ధి కాలేదు. వంటవాడికి కత్తి ఉంది, వంటింటి కిటికీ తోటలోకి ఉంది, సూపు చల్లారిందని నాలుగో అధ్యాయంలో అందరూ అతన్ని తిట్టారు. నేను లేచి నిలబడి వాదించాను. మాస్టారు కూడా కుర్చీలోంచి లేచారు. టైపు మేడమ్ బల్ల మీద వేళ్లతో టకటకలాడిస్తూ ఇద్దర్నీ ఖండించింది. మధ్యలో అత్తయ్య రెండుసార్లు, "అది కాదర్రా," అనబోయింది. మైకు బాగుపడ్డ తర్వాత మొదటిసారి ఆవిడ మాట ఎవరూ వినిపించుకోలేదు. దాంతో మంచం మీద వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని, ఒళ్లో బిస్కెట్ల డబ్బా పెట్టుకుని మమ్మల్ని చూస్తూ ఒక్కొక్కటే తినేసింది.

సోమవారం పొద్దున పళ్ల డాక్టరుగారు వెనక గదిలోకి వచ్చి, కొత్త పళ్ల సెట్టు ఎప్పటికవుతుందని అడిగారు. జవాబు చెప్పబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని ఇంకోసారి ప్రయత్నించాను. ఈసారి కీచుమంది.

"ఏమైంది, జలుబు చేసిందా?" అన్నారు.

"లేదండీ. నిన్న కాస్త ఎక్కువ మాట్లాడాను."

ఆయన దగ్గర చేరిన ఇన్నేళ్లలో నా నోట ఆ మాట వినడం ఆయనకు అదే మొదటిసారి. అరలో ఉన్న ప్లాస్టరు దవడల్లో ఏదో ఒకటి పలికిందేమోనని ఒకసారి అటు చూసి, మళ్లీ నా వైపు చూశారు.